Ghantasala: ఘంటసాల పుట్టింది ఘంటసాలలో కాదు.. పాత పాటల ముచ్చట్లలో నిజమెంత? తేల్చేది ఆ నల్ల ప్లేటే!

యూట్యూబ్ తెరిస్తే చాలు.. సీనియర్ సినీ జర్నలిస్టుల ముచ్చట్లు కనిపిస్తున్నాయి. ఎవరు ఏ పాట పాడారు, బాణీ ఎవరిది, తెర వెనుక ఏం జరిగింది.. గంటల కొద్దీ మాట్లాడుకుంటున్నారు. ఇంగ్లిష్‌లో బీటిల్స్, ఎల్విస్ ప్రెస్లీ గురించి పెద్దవాళ్లు కూర్చుని చెప్పుకునే కబుర్లు ఎలాగో, మనకు ఇవి అలాగే. వింటుంటే టైమ్ తెలియదు. అయితే ఇందులో ఏది నిజం, ఏది చెవి నుంచి చెవికి మారిపోయిన మాట? కృష్ణా జిల్లాతో ముడిపడ్డ మూడు విషయాలు చూద్దాం.

ఒకే పేరు.. రెండు ఊళ్లు

బందరు నుంచి అవనిగడ్డ వైపు వెళ్తే ఘంటసాల అనే ఊరు వస్తుంది. పాత బౌద్ధ క్షేత్రం. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు అక్కడే పుట్టారని చాలామంది అనుకుంటారు. కానీ అది ఆయన ఇంటిపేరు మాత్రమే. 1922 డిసెంబర్ 4న ఆయన పుట్టింది గుడివాడ దగ్గరి చౌటపల్లిలో.

ఎన్టీఆర్ ఊరు నిమ్మకూరు, అక్కినేని ఊరు రామాపురం.. ఇవీ గుడివాడ చుట్టుపక్కలవే. 1949లో వచ్చిన ‘మనదేశం’తో ఎన్టీఆర్ తొలిసారి తెరపై కనిపించారు. ఆ సినిమాకు సంగీతం ఘంటసాలే. ఇక ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ పాటలు, మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగారు. అక్కడి ఇండియన్ డ్రమటిక్ కంపెనీకి నాటకాలు రాశారు. అంటే మన పాటల చరిత్రలో సగం కబుర్లు ఈ చుట్టుపక్కల నుంచే మొదలవుతాయన్నమాట.

టైటిల్స్‌లో ఒక పేరు.. బాణీలు ఇద్దరివి

1957 నాటి ‘మాయాబజార్’ టైటిల్స్‌లో సంగీతం అంటే కనిపించేది ఘంటసాల పేరే. కానీ మొదట ఆ సినిమాకు కుదిరింది సాలూరి రాజేశ్వరరావు. నాలుగు పాటలకు ఆయన బాణీలు కట్టి తప్పుకున్నారని, మిగతా పని ఘంటసాల పూర్తి చేశారని సినీ సంగీతం మీద రాసేవాళ్లు చెబుతూ వచ్చారు. తెర మీద లేని ఈ సంగతి మనదాకా వచ్చిందంటే కారణం ఆ ముచ్చట్లే. అందుకే పెద్దవాళ్ల కబుర్లను తేలిగ్గా తీసిపారేయలేం. అలాగని ప్రతి మాటనూ కళ్లు మూసుకుని నమ్మలేం.

బీటిల్స్‌కీ మనకీ ఒకటే ఫ్యాక్టరీ!

ఇది చాలామందికి తెలియదు. ఘంటసాల పాటలు హెచ్‌ఎంవీ గ్రామఫోన్ ప్లేట్ల మీద వచ్చేవి. ఆ ప్లేట్లు తయారయ్యేది కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఫ్యాక్టరీలో. బీటిల్స్ పాటలను 78 ఆర్‌పీఎమ్ ప్లేట్ల మీద అచ్చు వేసిందీ అక్కడే! 1962లో బీటిల్స్ తొలి రికార్డు వచ్చేసరికే బ్రిటన్‌లో ఈ రకం ప్లేట్లు ఆగిపోయాయి. మన దగ్గర మాత్రం ఇంకా నడిచాయి. ఎందుకంటే చాలా ఊళ్లకు కరెంటు లేదు. తాళం తిప్పి కీ ఇచ్చే గ్రామఫోన్ మీద తిరిగేది 78 ప్లేటే. అందుకే ఇప్పుడు బీటిల్స్ ఇండియా ప్లేట్ల కోసం విదేశీ కలెక్టర్లు ఎగబడుతున్నారు.

ఆ పది అంగుళాల ప్లేటుకు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల పాటే. అక్కడి పాప్ పాటకైనా, మన పాటకైనా అదే కొలత. నాటకాల్లో సాగదీసి పాడే పద్యాన్ని ప్లేటు కోసం కుదించాల్సి వచ్చేది. మరీ పొడవైతే రెండు వైపులా పంచేవాళ్లు. సినిమాతో సంబంధం లేకుండా ఘంటసాల పాడిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ లాంటివి ఇంటింటికీ చేరింది ఈ ప్లేట్లు, రేడియో వల్లే. వీటినే అప్పట్లో ప్రైవేటు పాటలు అనేవాళ్లు. పాప్ అనే మాట మనకు అలవాటు కాకముందే మన పాప్ ఇదే!

మరి సాక్ష్యం ఏది?

మనిషి జ్ఞాపకం తడబడుతుంది. ప్లేటు మధ్యలోని లేబుల్ అంత తేలిగ్గా మారదు. పాట, పాడినవారు, సినిమా పేరు, రికార్డు నంబర్.. అన్నీ అక్కడే ఉంటాయి. చెన్నైలో సంగీత చరిత్రకారుడు వీఏకే రంగారావు వేల కొద్దీ ప్లేట్లు సేకరించి, వాటి ఆధారంగానే దశాబ్దాలుగా రాస్తూ వచ్చారు. ఇంటర్నెట్‌లో ఎవరో ఎక్కించిన పాటకు ఈ వివరాలు చాలాసార్లు ఉండవు. రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు ముందుగా మాయమవుతాయి.

దివిసీమలో అయితే 1977 నవంబర్ 19 ఉప్పెన ఊళ్లకు ఊళ్లనే ఊడ్చేసింది. మనుషులే మిగలని చోట పాటల గుర్తులు ఏం మిగులుతాయి? కాబట్టి మిగిలినవి ఇంకా విలువైనవి.

మీ ఇంట్లో పాత ప్లేట్లు ఉన్నాయా? ఇలా చేయండి

* ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండ తగలనివ్వొద్దు, వంకర పోతాయి.
* స్పిరిట్, శానిటైజర్‌తో అస్సలు తుడవొద్దు. ఈ ప్లేట్లలో ఉండేది లక్క. కరిగిపోతుంది.
* ఎల్‌పీ ముల్లుతో 78 ప్లేటు వేయొద్దు. దీని గాడి వెడల్పు, ముల్లు వేరు.
* లేబుల్‌ను రెండు వైపులా ఫొటో తీసి దాచండి.

ఇంకొక్క పని. తాతయ్యో, అమ్మమ్మో పాత పాట గురించి ఏదైనా చెబితే ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఏ ఊళ్లో విన్నారు, ఎవరింటి గ్రామఫోన్, ఏ ఏడాది అని అడగండి. ప్లేటు పాట ఎవరిదో చెబుతుంది. ఆ పాట విని ఊరు ఊరంతా ఎలా కూర్చుండిపోయిందో చెప్పగలిగేది మాత్రం వాళ్లే.