మక్పేలా గుహ, ప్రపంచ వారసత్వ పట్టిక: ఒక పరిశీలన

పరిశుద్ధ గ్రంథములో మనము చదువు స్థలములు కొన్ని నేడు అంతర్జాతీయ వివాదములలో చిక్కుకొనియున్నవి. "ఈ స్థలము ఎవరిది?" అని విశ్వాసులు అడిగినప్పుడు సంఘకాపరులు ఏమని చెప్పవలెను? ముందుగా యునెస్కో గుర్తింపు అనగా ఏమిటో మనము గ్రహింపవలెను.

1. గుర్తింపు విధానము

1972 నాటి ప్రపంచ వారసత్వ ఒడంబడిక ప్రకారము ఒక స్థలమును ఒక సభ్య రాజ్యము ప్రతిపాదించును. నిపుణుల సంస్థయైన ఇకోమాస్ సలహా ఇచ్చును. 21 రాజ్యముల కమిటీ నిర్ణయించును. ప్రతిపాదించిన వారిదే ఆ స్థలమను భావము కలుగుట వలననే వివాదము పుట్టుచున్నది. అయితే ఒకటికంటె ఎక్కువ రాజ్యములు హక్కు కోరు స్థలమును పట్టికలో చేర్చినను, ఆ హక్కులకు భంగము కలుగదని ఒడంబడిక 11వ అధికరణము చెప్పుచున్నది. 1981లో యోర్దాను ప్రతిపాదనపై యెరూషలేము పాత పట్టణము చేర్చబడినది ఈ నియమము క్రిందనే.

2. బేత్లెహేము, హెబ్రోను

2011లో పాలస్తీనా యునెస్కో సభ్యత్వము పొందినది. 2012లో బేత్లెహేములోని క్రీస్తు జనన ఆలయమును అత్యవసర పద్ధతిలో ప్రతిపాదించగా, ఇకోమాస్ అంత అత్యవసరము లేదనినను కమిటీ 13–6 ఓట్లతో ఆమోదించినది. పైకప్పు శిథిలమైయుండుట మాత్రము వాస్తవము. మరమ్మతుల తరువాత 2019లో అది ప్రమాదస్థితి పట్టికనుండి తొలగింపబడినది.

హెబ్రోను సంగతి మరింత కఠినము. మక్పేలా గుహపైనున్న కట్టడము యూదులకు పితరుల సమాధి, ముస్లిములకు ఇబ్రాహీమీ మసీదు. 1994లో అచ్చట ప్రార్థించుచున్న 29 మంది ముస్లిములను ఒక యూదుడు కాల్చి చంపిన తరువాత ఆ కట్టడము ఇరువురి మధ్య విభజింపబడినది. 2017లో హెబ్రోను పాత పట్టణము పాలస్తీనా పేరున 12–3 ఓట్లతో చేర్చబడినది. యూదుల సంబంధము మరుగుపరచబడినదని ఇశ్రాయేలు ఆక్షేపించినది. 2018 ముగింపున అమెరికా, ఇశ్రాయేలు యునెస్కోనుండి వైదొలగెను. అమెరికా 2023లో తిరిగి చేరి, 2025లో మరల వైదొలగుదునని ప్రకటించినది.

3. మన బోధ

ఆదికాండము 23వ అధ్యాయమును నేటి హక్కుపత్రముగా చూపుట సులభము. కాని అచ్చట అబ్రాహాము తన్ను పరదేశిగా చెప్పుకొనెను. ఉచితముగా ఇత్తుమనినను తీసికొనక, సాక్షుల యెదుట 400 తులముల వెండి తూచి ఇచ్చెను. స్థానికుల హక్కును గౌరవించిన కొనుగోలు అది. 25:9లో ఇస్సాకు, ఇష్మాయేలు కలిసి తండ్రిని ఆ గుహలోనే పాతిపెట్టిరి.

కాబట్టి యునెస్కో ఓటును ప్రవచన నెరవేర్పుగా గాని, విశ్వాసముపై దాడిగా గాని ప్రకటింపరాదు. అది ఒక కట్టడమును కాపాడు ఏర్పాటు. రాజ్యములు దానిని తమ వాదమునకు వాడుకొనుచున్నవి. ఈ రెంటిని వేరుచేసి చెప్పుట కాపరి బాధ్యత. 23వ అధ్యాయము ప్రసంగించువారు 25:9ని కూడ చదివి వినిపింపవలెను.