పాటలో లేని రెయిన్‌డీర్

డిసెంబరు వస్తే ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో పిల్లలకు కొందరు వింత మనుషులు పరిచయమవుతారు. బైబిల్లో వాళ్ళ పేర్లుండవు, పాటల పుస్తకాల్లోనూ కనిపించవు. ‘సైలెంట్ నైట్’ పాడే పిల్లల్లో కొందరి లెక్కలో ఆ పశువుల పాకలో మరియ, బాలయేసులతో పాటు రౌండ్ జాన్ వర్జిన్ అనే బొద్దు మనిషి కూడా ఉంటాడు. ‘హార్క్! ది హెరాల్డ్ ఏంజెల్స్ సింగ్’ పాటలో శుభవార్త మోసుకొచ్చే దూతలు కాస్తా హారొల్డ్ అనే ఒకే ఒక్క దేవదూతగా మారిపోతారు. ‘రుడాల్ఫ్ ది రెడ్ నోజ్డ్ రెయిన్‌డీర్’ పాటలో ఎర్రముక్కు రుడాల్ఫ్‌ను ఏడిపించే గుంపులోంచి ఆలివ్ అనే మరో రెయిన్‌డీర్ పుట్టుకొస్తుంది. ఇలాంటివన్నీ పెద్దవాళ్ళు ఏటా చెప్పుకుని హాయిగా నవ్వుకుంటారు. పిల్లలు సరిగ్గా వినరు, విన్నదాని గురించి ఆలోచించరు అన్న తీర్పు ఆ నవ్వు వెనకాల ఉంటుంది. ఆ తీర్పు నిలవదు. ఈ పొరపాట్లు ఎక్కడ ఎలా పుడుతున్నాయో కాస్త పరిశీలిస్తే, పిల్లలు తమ చేతికందిన ఆధారాలతో చేయగలిగినంత మంచి తర్కమే చేశారని తేలుతుంది. లోపం చాలావరకు ఆ ఆధారాలను అందించినవాళ్ళది, అంటే పెద్దలది.

ముందు చెవి సంగతి. అచ్చులో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది. నోటి మాటలో ఉండదు. ధ్వనులు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వస్తుంటే, ఎక్కడ ఒక మాట ముగిసి మరొకటి మొదలైందో వినేవాడే తేల్చుకోవాలి. ఈ పని పిల్లలు ఎంత చిన్న వయసులో మొదలుపెడతారో జెన్నీ శాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిస్సా న్యూపోర్ట్ 1996లో చేసిన ప్రయోగం చూపించింది. వాళ్ళు ఎనిమిది నెలల పసివాళ్ళకు అర్థంలేని అక్షరాల వరుసను విరామం లేకుండా రెండు నిమిషాలు వినిపించారు. ఏ అక్షరం తర్వాత ఏది తరచుగా వస్తోందన్న ఒక్క ఆధారంతోనే ఆ పసివాళ్ళు అందులోని ‘మాటల’ను విడిగా గుర్తుపట్టగలిగారు. ఇంత లెక్క వేయగల చెవిని పట్టుకుని శ్రద్ధ లేదనడం అన్యాయం. అయితే ఆ లెక్క సరిగ్గా సాగాలంటే విన్న మాట ఇంట్లోనో వీధిలోనో మళ్ళీమళ్ళీ చెవిన పడాలి. క్రిస్మస్ పాటల్లో లేనిది అదే. ‘హార్క్’ పాటను చార్లెస్ వెస్లీ 1739లో ప్రచురించాడు. ‘గుడ్ కింగ్ వెన్సెస్లాస్’ను జాన్ మేసన్ నీల్ 1853లో, ‘డెక్ ద హాల్స్’ ఇంగ్లిష్ పాఠాన్ని థామస్ ఆలిఫెంట్ 1862లో వెలువరించారు. ‘సైలెంట్ నైట్’ 1818 క్రిస్మస్ ముందురోజు ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్‌లో తొలిసారి జర్మన్‌లో వినిపించింది. నేడు ఎక్కువమంది పాడే ఇంగ్లిష్ అనువాదం 1859 నాటిది. అన్నీ పాతబడ్డ మాటలు, తలకిందులైన వాక్యాలు, బాణీ కోసం సాగదీసిన అచ్చులు. పైగా పాట ఏడాదికి ఒక్క నెలే వినిపిస్తుంది. హారొల్డ్ పుట్టుకకైతే తేదీ కూడా చెప్పవచ్చు. వెస్లీ రాసిన మొదటి పాదంలో దూతలే లేరు, ఆకాశానికి వాడిన ఒక పాత మాట ఉంది. జార్జ్ వైట్‌ఫీల్డ్ 1753లో ఆ పాదాన్ని మార్చి దూతలను తెచ్చాడు. పెద్దవాళ్ళ సవరణలోంచే పిల్లల హారొల్డ్ వచ్చాడన్నమాట.

మాట తెలియనప్పుడు పిల్లలు ఆ ఖాళీని ఎలా నింపుతారన్నది ఇంకా ఆసక్తికరం. నోటికొచ్చిన శబ్దంతో నింపరు. తెలిసిన మాటతో, వ్యాకరణం చెడకుండా, కథకు పొసిగేలా నింపుతారు. ‘సైలెంట్ నైట్’లో కన్య అయిన ఆ తల్లి చుట్టూ అంతా ప్రశాంతం అని చెప్పే చోట, ‘అదిగో ఆ’ అనే అర్థమిచ్చే పాత మాట ఒకటుంది. నేటి పిల్లలకు అది ఎక్కడా వినిపించదు. జాన్ మాత్రం తరగతికొకడు ఉంటాడు. అతని ముందున్న మాటకు గుండ్రం అనే అర్థం తెలుసు, వెనకున్నది ఇంటిపేరులా ఉంది. పాకలో తల్లీబిడ్డల పక్కన మూడో మనిషి ఉండటం బొమ్మల్లో చూసిందే. ఇన్ని ఆధారాలు కలిశాక రౌండ్ జాన్ వర్జిన్ పుట్టకపోతేనే ఆశ్చర్యం. ఆలివ్ సంగతీ అంతే. ‘మిగతా అన్ని’ అనే అర్థమున్న మాటలు గబగబా పాడితే ఆడపిల్ల పేరులా వినిపిస్తాయి, అంతకుముందే ఆ పాటలో రెయిన్‌డీర్లను ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలిచారు. ఇంకో పేరు రావడంలో వింతేముంది? ఈ ఊహ ఎంత చక్కగా అతికిందంటే వివియన్ వాల్ష్, జె. ఓటో సీబోల్డ్ దాన్నే కథగా మలిచి 1997లో పిల్లల పుస్తకం తెచ్చారు. 1999లో అది టీవీ కార్టూన్ చిత్రమూ అయింది. ఇలాంటి పొరపాటు వినికిడికి ఇంగ్లిష్‌లో ఉన్న ‘మాండెగ్రీన్’ అనే పేరు కూడా ఒక చిన్నపిల్ల తర్కం పెట్టిన భిక్షే. సిల్వియా రైట్ అనే రచయిత్రి 1954లో హార్పర్స్ పత్రికలో ఒక వ్యాసం రాసింది. తన చిన్నప్పుడు అమ్మ చదివిన ఒక స్కాటిష్ వీరగాథలో హత్యకు గురైన ప్రభువును పచ్చికపై పడుకోబెట్టిన సంగతి, తన చెవికి అతనితో పాటు ప్రాణాలు విడిచిన లేడీ మాండెగ్రీన్‌గా వినిపించిందట. ప్రభువు పక్కన ఒక దొరసాని ఉండటం ఆ కథకు నప్పుతుంది కూడా.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఇవన్నీ పెద్దలు కల్పించిన చమత్కారాలో, పిల్లలు కావాలని చేసిన అల్లరో అయి ఉండవచ్చు కదా, వీటి మీద సిద్ధాంతాలు కట్టడం దేనికి అని. అందులో కొంత నిజముంది. ఏటా తిరిగే ఈ కథల్లో కొన్ని నోటినోటికీ పెరిగినవే. పిల్లల పేరడీలు కూడా తక్కువేం కాదు. బ్రిటన్‌లో అయోనా, పీటర్ ఓపీ దంపతులు బడిపిల్లల నోటి సాహిత్యాన్ని ఏళ్ళ తరబడి సేకరించి 1959లో పుస్తకంగా తెచ్చారు. 1936 డిసెంబరులో రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ తన పెళ్ళి కోసం సింహాసనం వదులుకుంటే, ‘హార్క్’ బాణీలో పిల్లలు కట్టిన ఎకసెక్కపు పాట కొద్ది వారాల్లోనే దేశమంతా పాకిన వైనం అందులో ఉంది. కానీ పేరడీకీ పొరపాటుకూ మధ్య స్పష్టమైన గీత ఒకటుంది. పేరడీ కట్టేవాడికి అసలు పాదం తెలుసు, తెలుసు కాబట్టే దాన్ని వంచుతాడు. పొరపడ్డవాడికి తాను పాడుతున్నదే అసలు పాదం. పైగా ఒకే వయసు పిల్లలు ఒక చోట పదునైన పేరడీ కట్టి, మరో చోట అమాయకంగా హారొల్డ్‌ను నమ్ముతున్నారంటే, తేడా వాళ్ళ బుర్రలో లేదు. అర్థం తెలిసిన పాటను ఆడిస్తారు, తెలియని పాటకు అర్థం వెతుకుతారు.

పెద్దయ్యాక అన్నీ సర్దుకుంటాయి, ఇది వయసుతో పోయే లోపం అన్నది రెండో వాదన. పెద్దల పొరపాట్లు అచ్చులోకి ఎక్కేస్తాయి కాబట్టి అవి పొరపాట్లుగా కనిపించవు, అంతే తేడా. ‘ద ట్వెల్వ్ డేస్ ఆఫ్ క్రిస్మస్’ పాట 1780 ప్రాంతంలో లండన్‌లో పిల్లల పుస్తకంలో వచ్చింది. ఒక్కొక్కరూ ఒక కానుక కలుపుతూ, మరిచిపోయినవాళ్ళు పరిహారం చెల్లించే జ్ఞాపకశక్తి ఆట అది. నాలుగో రోజు కానుకగా అందులో బొగ్గులా నల్లని పక్షులుండేవి. నలుపును సూచించే ఆ మాట వాడుకలోంచి జారిపోవడంతో రకరకాల పాఠాలు పుట్టాయి. ఫ్రెడరిక్ ఆస్టిన్ 1909లో ప్రచురించిన పాఠంలో అవి ‘పిలిచే పక్షులు’ అయ్యాయి, ప్రపంచమంతా నేడు పాడుతున్నది దాన్నే. హారొల్డ్‌ను సృష్టించిన పద్ధతికీ దీనికీ ఏమాత్రం తేడా లేదు. అదే పాట పేరులోని పన్నెండు రోజులు డిసెంబరు 25న మొదలై జనవరి మొదటివారం దాకా సాగుతాయి. క్రిస్మస్‌కు ముందు వచ్చే పన్నెండు రోజులనుకునే పెద్దవాళ్ళు, ఆ లెక్కనే అమ్మకాలు ప్రకటించే దుకాణాలు బోలెడు. ‘గాడ్ రెస్ట్ యూ మెర్రీ, జెంటిల్‌మెన్’ పేరులో కామా ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని ముందుకు జరిపేవాళ్ళూ ఉన్నారు. పాత ఇంగ్లిష్‌లో అది పెద్దమనుషులను దేవుడు సంతోషంగా ఉంచాలనే దీవెన. కామా జరిగితే అప్పటికే కులాసాగా ఉన్న పెద్దమనుషులను విశ్రాంతి తీసుకోమన్నట్టవుతుంది.

పాటల మాట అటుంచి ఆచారాలకు వస్తే పిల్లల పరిస్థితి ఇంకా కష్టం. చెవిన పడిన మాటకు కనీసం ఒక నిఘంటువుంది. పెద్దల ఆచారాలకు అదీ లేదు, పైకి ఒకటి చెబుతూ లోపల ఇంకొకటి నడిపించడమే వాటి స్వభావం. 1952లో టామీ కానర్ రాయగా, పదమూడేళ్ళ జిమ్మీ బాయిడ్ పాడిన ‘ఐ సా మమ్మీ కిస్సింగ్ శాంటా క్లాజ్’ సరిగ్గా ఈ చిక్కు మీదే నిలబడింది. రాత్రి మెట్ల మీదుగా దిగివచ్చిన పిల్లవాడికి మిసిల్‌టో కొమ్మ కింద అమ్మ శాంటాను ముద్దుపెట్టుకుంటూ కనబడుతుంది. మిసిల్‌టో మన మామిడిచెట్ల మీద పెరిగే బదనికకు చుట్టం, చెట్టు మీద బతికే పరాన్న మొక్క. పండుగకు దాన్ని గుమ్మానికో పైకప్పుకో కట్టి, దాని కింద నిలబడ్డవాళ్ళను ముద్దుపెట్టుకోవడం ఇంగ్లాండ్‌లో పాత సరదా. పాటలోని పిల్లవాడికి తెలియనివి రెండు. కొమ్మ కింద ముద్దుకు ప్రేమ వ్యవహారమనే అర్థం లేకపోవడం ఒకటి, గడ్డం వెనకున్నది తన తండ్రే కావడం రెండోది. ఈ రెండూ ఎవరూ చెప్పకుండా, కళ్ళతో చూసినదాన్ని బట్టి అతను తేల్చుకున్నది తప్పని ఏ న్యాయమూర్తి అనగలడు? ఆ ఏడాది డిసెంబరులో పాట అమెరికా అమ్మకాల్లో మొదటి స్థానానికి చేరింది. పవిత్రమైన పండుగలో ముద్దుల గోలేమిటని బోస్టన్ క్యాథలిక్ పెద్దలు అభ్యంతరపెట్టడం కూడా జరిగింది. తండ్రే వేషం కట్టాడన్న కీలకం వాళ్ళకూ అందలేదు కాబోలు.

శాంటా మీద నమ్మకం అమాయకత్వానికి గుర్తని అంటారు. మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు జాక్వెలిన్ వూలీ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనం మరోలా చెబుతోంది. వాళ్ళు బడికి వెళ్ళే వయసు రాని పిల్లలకు ‘క్యాండీ మంత్రగత్తె’ అనే కొత్త పాత్రను పరిచయం చేశారు. హాలోవీన్ రాత్రి వచ్చి మిఠాయి తీసుకుని బొమ్మ వదిలి వెళుతుందని చెప్పి, కొన్ని ఇళ్ళలో తల్లిదండ్రుల చేత నిజంగానే ఆ మార్పిడి చేయించారు. అలా మంత్రగత్తె ‘వచ్చి వెళ్ళిన’ ఇళ్ళలో, చిన్నవాళ్ళ కన్నా కాస్త పెద్ద పిల్లలే ఆమెను గట్టిగా నమ్మారు. కారణం ఊహించడం కష్టం కాదు. పొద్దున్న కనిపించిన బొమ్మను సాక్ష్యంగా తీసుకుని ముగింపు కట్టడానికి కొంత తర్కం కావాలి, అది పెద్ద పిల్లల్లోనే ఎక్కువ. శాంటా విషయంలోనైతే పెద్దలు సృష్టించే సాక్ష్యాలకు అంతే లేదు. కొరికి వదిలేసిన బిస్కెట్లు, దుకాణాల్లో గడ్డం తాతలు సరే, అమెరికా ఖండపు వాయు రక్షణ సంస్థలు 1955 నుంచి ఏటా శాంటా ప్రయాణ మార్గాన్ని ప్రకటిస్తున్నాయి. వర్జీనియా ఓహన్లన్ అనే ఎనిమిదేళ్ళ పాప స్నేహితుల మాట విని అనుమానపడి, తనకు తెలిసినంతలో నమ్మదగిన చోటికే, అంటే న్యూయార్క్ సన్ పత్రికకు ఉత్తరం రాసింది. 1897 సెప్టెంబరు 21న శాంటా ఉన్నాడంటూ ఫ్రాన్సిస్ చర్చ్ సంపాదకీయం రాశాడు. పరస్పరం పొసగని సాక్ష్యాలు ఎదురైతే పేరున్న మూలాన్ని అడిగి తెలుసుకోవడం మంచి పరిశోధకుడు చేసే పని. పాప ఆ పనే చేసింది, తప్పు జవాబు పత్రికది.

అయితే శాంటా కథ కావాలని చెప్పే అబద్ధం, పాటలో పొరపాటు ఎవరూ కోరి తెచ్చింది కాదు, రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదని కొందరంటారు. పెద్దల ఉద్దేశంలో తేడా ఉన్నమాట నిజమే. పిల్లల వైపు నుంచి చూస్తే మాత్రం రెండు చోట్లా జరిగేది ఒకటే. పూర్తిగా చెప్పని సంగతి ఒకటి చేతికొస్తుంది, చెప్పినవాళ్ళ మీద నమ్మకం ఉంటుంది, మిగిలిన ఖాళీని బుద్ధితో నింపాలి. ఏదో ఒకరోజు అసలు సంగతి కూడా ఇదే బుద్ధి బయటపెడుతుంది. ఒక్క రాత్రిలో ఇన్ని ఇళ్ళకు ఎలా తిరుగుతాడు, పొగగొట్టంలోంచి ఎలా దూరతాడు అని లెక్కలు అడిగే పిల్లలు నిన్నటిదాకా అంతే శ్రద్ధగా నమ్మినవాళ్ళే. ఇక, హాని లేని పొరపాట్లకు ఇంత చర్చ ఎందుకన్న ప్రశ్న మిగులుతుంది. పొరపాటు హాని చేయదు, నిజమే. దాన్ని పదిమందిలో నవ్వులాట చేయడం చేస్తుంది. తాను ఆలోచించి తేల్చుకున్నదానికి నవ్వే బహుమతిగా దక్కితే, పిల్లలు మరోసారి అడగడం మానేసి, అర్థం కాకపోయినా గొంతు కలిపి ఊరుకోవడం నేర్చుకుంటారు. చదువుకు అంతకన్నా చేటు లేదు.

ఇది మనకూ పట్టిన సంగతే. తెలుగు రాష్ట్రాల ఇంగ్లిష్ మీడియం బడుల్లో డిసెంబరు వేదిక మీద ‘జింగిల్ బెల్స్’ తప్పకుండా వినిపిస్తుంది. జేమ్స్ పియర్‌పాంట్ 1857లో వెలువరించిన ఆ పాటలో క్రిస్మస్ ప్రస్తావనే లేదు. ఉన్నదంతా మంచు మీద గుర్రం లాగే చక్రాల్లేని బండిలో కుర్రకారు చేసే షికారు. మంచు ఎరగని ఊళ్ళో పిల్లలు దాన్ని దేవుడి పాట అనుకుంటే తప్పు పట్టలేం, నేర్పినవాళ్ళు చాలామంది అలాగే అనుకుంటారు. చర్చిల్లో పాడే పాత తెలుగు కీర్తనల సమాసాలైనా, గుళ్ళో వినిపించే సంస్కృత శ్లోకాలైనా పిల్లల చెవికి అంత దూరమే. కాబట్టి టీచర్లకూ తల్లిదండ్రులకూ ఒక్క మనవి. పాట నేర్పిన మర్నాడు, ఇందులో ఎవరెవరున్నారు, ఏం చేస్తున్నారు అని పిల్లల్ని అడగండి. జవాబు వింతగా ఉంటే నవ్వేముందు, అలా ఎందుకనుకున్నావని ఇంకో ప్రశ్న వేయండి. వాళ్ళు చెప్పే కారణం దాదాపు ప్రతిసారీ సబబుగానే ఉంటుంది. ఆ తర్వాత అసలు అర్థం చెప్పండి. అది మీకే తెలియకపోతే, ఇద్దరూ కలిసి నిఘంటువు తెరవండి.