కంచెమీద పండే స్నానపు పీచు

కనిగిరి ప్రాంతపు బావి నీటితో తలంటుకొన్నవారికి ఒక సంగతి బాగా తెలుసును. సబ్బు ఎంత రుద్దినా నురుగు రాదు. బొక్కెన అంచున తెల్లని జిడ్డు పేరుకొనును. జుట్టు ఆరిన తరువాత కూడ బిరుసుగా ఉండును. నీళ్లు కాచే కాగు అడుగున సున్నపు పెచ్చు కట్టును. సబ్బు మంచిది కాదని అంగడివానిని కోప్పడుట కద్దు. కాని దోషము సబ్బుది కాదు, నీటిది. ఈ నీటిలో సున్నము, మెగ్నీషియము లవణములు హెచ్చు. సబ్బు మొదట వీనితో కలిసి, నీటిలో కరగని మడ్డిగా మారిపోవును. ఆ లవణములన్నీ తీరిన తరువాత మిగిలిన సబ్బే మురికిని వదలించును. అనగా మనము కొన్న సబ్బులో కొంత భాగము కాలువపాలేనన్నమాట.

కుంకుడుకాయకు ఈ బాధ లేదు. దాని తొక్కలోని నురుగు పదార్థమును సపోనిన్ అందురు. అది సున్నముతో కలిసి మడ్డి కట్టదు. అందుచేతనే ఉప్పునీటి ఊళ్లలో కూడ పెద్దవారు కుంకుడును విడువలేదు. పొడవు జుట్టుకు 8 లేక 10 కాయలు చాలును. గింజ తీసివేసి, తొక్కను వేడినీటిలో అరగంట నానబెట్టి, పిసికి, పలుచని గుడ్డలో వడగట్టవలెను. వడగట్టకుండ పోసుకొన్నచో తొక్క ముక్కలు జుట్టులో చిక్కుకొనును. రసము కంట పడిన మిక్కిలి మంట. పిల్లలకు పోయునప్పుడు తల వెనుకకు వంచి పోయుట మేలు. మరొక జాగ్రత్త కలదు. చేపలు పెంచే చెరువులోను, కుంటలోను కుంకుడు రసము కలియనీయరాదు. అది చేపలకు విషము.

విత్తనముతో నాటిన కుంకుడు చెట్టు కాపుకు రావడానికి 8 నుండి 10 ఏండ్లు పట్టును. కనుక నేడు నాటేవారు పిల్లల కోసము నాటవలసినదే. అంతవరకు, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవి ప్రాంతముల నుండి సేకరించి అమ్మే కుంకుడు, సీకాయ కొనుక్కొనవచ్చును.

అయితే రసము ఒక్కటే చాలదు, ఒళ్లు రుద్దుకొనుటకు పీచు కావలెను. ఈనాడు అంగళ్లలో రంగురంగుల నైలాను వల ఉండలు వ్రేలాడుచున్నవి. అవి చిరిగి, పోగులుగా ఊడి, కాలువలోను పెంటకుప్పలోను చేరును. పెంట పొలమునకు తోలినప్పుడు ఆ పోగులు నేలలో మిగిలిపోవును, కుళ్లవు. ప్లాస్టిక్ పుల్లలున్న చెవి దూదిపుల్లలను 2022 జులై 1 నుండి దేశమంతట నిషేధించిరి గాని, ఈ వల ఉండలు ఆ పట్టికలో లేవు. వానిని మానుట మన చేతిలోని పని. అందుకు బదులు మన కంచెమీదనే ఉన్నది, అదే నేతిబీర.

కూర బీరకాయ పీచు కూడ పనికివచ్చును గాని, దాని కణుపులు గరుకు. నేతిబీర పీచు మెత్తన, పొడవు, అల్లిక దట్టము. రెండవ ప్రపంచ యుద్ధమునకు పూర్వము జపాను దేశము ఈ పీచును విదేశములకు విరివిగా ఎగుమతి చేసెడిది. ఓడల ఆవిరి యంత్రములలో వడపోతకు కూడ దీనిని వాడిరన్న మాట విని మన రైతులు ఆశ్చర్యపడుదురు. మన వైపున మాత్రము విత్తనపు కాయను చూరుకు వ్రేలాడగట్టి, గింజలు తీసుకొని, పీచును దిబ్బలో పారవేయుట అలవాటు.

పీచు కోసము పెంచేటప్పుడు విత్తే అదను ముఖ్యము. విత్తినది మొదలు కాయ తీగమీదనే ఎండుటకు సుమారు 5 నెలలు పట్టును. తొలకరికే విత్తినచో కాయలు ఆశ్వయుజ, కార్తిక మాసముల వానలలో చిక్కి, నల్లబడి బూజు పట్టును. నేను ఒక ఏడు ఆ పొరపాటే చేసి, పదహారు కాయలలో మూడు దక్కించుకొంటిని. కనుక పుష్యమి, ఆశ్లేష కార్తెలలో విత్తవలెను. వానలలో తీగ సాగి కాపు పట్టును. సంక్రాంతి నాటికి పొడి గాలిలో కాయలు ఎండును. గింజల పొట్టు గట్టిది. ఒక రాత్రి నానవేసి, పశువుల ఎరువు కలిపిన పాదులో 4 గింజలు పెట్టి, మొలిచిన తరువాత బలమైన మొక్కలు 2 ఉంచవలెను. తీగను నేలమీద పాకనీయరాదు. పందిరిమీదగాని, కంచెమీదగాని వ్రేలాడే కాయలే వంకర లేక నిలువుగా పెరుగును.

తీగకు 10 కాయలకు మించి ఉంచక, తక్కినవి లేతగా కూరకు కోసుకొనవలెను. లెక్క చూడండి. రెండు తీగలకు 20 కాయలు. కాయకు మూడు ముక్కల చొప్పున 60 ముక్కలు. ఐదుగురున్న ఇంట మనిషికి నెలకొక ముక్క చొప్పున ఏడాదికి కావలసినవి సరిగా 60. పండుఈగ కుట్టిన కాయలు కుళ్లి రాలును. వానిని ఏరి లోతుగా పాతిపెట్టవలెను. తీగజాతి పైరులపై గంధకపు మందులు చల్లిన ఆకులు మాడిపోవును కనుక వానిని వాడరాదు.

కాయ గోధుమవన్నెకు తిరిగి, చేతికి తేలికై, ఊపినప్పుడు గింజలు గలగలలాడిన తయారైనట్లు. తుపాను సూచన ఉన్నచో పసుపు తిరిగిన కాయలను కూడ కోసి వసారాలో వ్రేలాడగట్టవచ్చును. చివరి మూతను విరిచి గింజలు దులిపి, కాయను రాత్రంతా నీటిలో నానవేయవలెను. తెల్లవారి తోలు సులువుగా ఊడివచ్చును. తరువాత లోపలి జిగురు పోవువరకు నాలుగైదు మార్లు నీళ్లు మార్చి పిసికి, ఎండబెట్టవలెను. జిగురు మిగిలినచో పీచు కంపు కొట్టును. తెల్లబరచుటకు మందులేవీ అక్కరలేదు, ఎండ చాలును.

ఎండిన పీచును అడ్డముగా కోసిన బిళ్లలు చేతికి అమరును. అంగుళము మందపు బిళ్లను సబ్బు క్రింద పెట్టిన నీరు ఓడిపోయి సబ్బు నానిపోదు. నిలువున చీల్చి పరచి, పాత పంచె గుడ్డమీద కుట్టిన చేతి తొడుగగును. రెండు కొసలకు జనుప త్రాటి పట్లు కట్టిన వీపు రుద్దుకొనే పట్టెడ అగును. ఆడపిల్లలు ఈ కుట్టుపని ఒక మధ్యాహ్నములో నేర్చుకొందురు. తాటాకు అల్లిక తెలిసినవారు ఇవి పెట్టుకొనుటకు చిల్లుల బుట్ట అల్లుకొనవచ్చును.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. తడిపీచు సూక్ష్మజీవులకు నిలయము. స్నానము కాగానే పిండి, గాలి తగిలే చోట వ్రేలాడగట్టవలెను, మూల పడవేయరాదు. నెలకొకటి మార్చవలెను. ఒకరి పీచు మరొకరు వాడరాదు. ముఖ్యముగా గజ్జి, తామర ఉన్న ఇంట ఈ నియమము తప్పరాదు. పుండ్లమీద రుద్దరాదు. పసిబిడ్డలకు పీచు వద్దు, పెసరపిండి చాలును. పాతబడిన పీచును పెంటగుంతలో వేసిన ఎరువగును.

పళ్ల విషయము వేరు. వేపపుల్లగాని, కానుగపుల్లగాని చివర మెత్తగా నమిలి తోముకొనుట మంచి అలవాటే. కాని ఈ ప్రాంతమున పలువురి పళ్లమీద కనపడే పసుపు, గోధుమ మచ్చలు తోముటవలన పోవునని భ్రమపడరాదు. అవి త్రాగునీటిలోని ఫ్లోరైడువలన, చిన్నతనమున పళ్లు ఏర్పడునప్పుడే పింగాణీలో పట్టినవి. కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజులలోనే, 1937లో, షార్టు మొదలగు వైద్యులు మదరాసు రాజధానిలోని ఈ జబ్బును గూర్చి వ్రాసిరి. మచ్చలు పోవలెనని ఇటుకపొడితోను, బొగ్గుతోను రుద్దేవారున్నారు. దానివలన పింగాణీ అరిగి, పళ్లు జివ్వుమనును. మచ్చ ఉన్నచోటనే ఉండును. కాచిన నీటిలో కూడ ఫ్లోరైడు పోదు. స్నానమునకు బావినీరు వాడుకొన్నను, పిల్లలు త్రాగుటకు మాత్రము శుద్ధిచేసిన నీరు తేవలెను.

పీచు తీయగా మిగిలిన గింజలలో నల్లనివి, నిండైనవి ఏరి, నీడన ఆరబెట్టి, బూడిదతో కలిపి సీసాలో నిలువచేయవలెను. ఏ తీగ కాయ కూరలో చేదు తగిలినదో ఆ తీగ గింజలు మాత్రము ఉంచరాదు. ఆ చేదు విత్తనముతో దిగివచ్చును. అట్టి కాయ తిన్నచో వాంతులు, విరేచనములు కలుగును.