చక్రకూడలిలో సైకిలు

నాలుగు రోడ్లు కలియుచోట నడుమ గుండ్రని దిమ్మెను కట్టి, వాహనములన్నియు దాని చుట్టును ఒకే దిశలో తిరిగిపోవునట్లు చేసిన ఏర్పాటును చక్రకూడలి అనవచ్చును. ఇంగ్లీషులో దీనిని రౌండెబౌటు అందురు. మన దేశములో వలెనే బ్రిటనులోను వాహనములు రోడ్డుకు ఎడమప్రక్కన నడచును. కావున అచ్చట ఈ దిమ్మెను చుట్టుట గుడి చుట్టు ప్రదక్షిణము చేయుట వంటిది. దిమ్మె ఎల్లప్పుడును కుడిచేతి వైపుననే ఉండును.

ఇందువలన లాభమేమి? మామూలు నాలుగు రోడ్ల కూడలిలో వాహనముల దారులు కలియుచోట్లు, విడిపోవుచోట్లు, ఖండించుకొనుచోట్లు మొత్తము 32. ఒకే వరుసలో నడచు చక్రకూడలిలో అవి 8 మాత్రమే. పైగా వంపు తిరుగవలసి యుండుటచే వేగము తగ్గును. చలనశక్తి వేగము యొక్క వర్గమును బట్టి మారును గదా! గంటకు 50 కిలోమీటర్ల వేగము 25కు తగ్గినచో, ఆ వాహనపు చలనశక్తి నాల్గవవంతు మాత్రమే అగును.

ఎవరు ఎవరికి దారి ఈయవలెనను ప్రశ్నకు బ్రిటనులో 1966లో స్పష్టమైన నియమము వచ్చినది. కూడలిలోనికి ప్రవేశించువారు, కుడివైపు నుండి తిరిగి వచ్చుచున్న వాహనములకు దారి ఈయవలెను. మోటారు వాహనములకు దీనితో చిక్కు చాలవరకు తీరినది. సైకిలుకు మాత్రము తీరలేదు.

ఒక విద్యార్థి దక్షిణపు రోడ్డు నుండి సైకిలుపై వచ్చి తూర్పునకు పోదలచెననుకొందము. అతడు కూడలి వెలుపలి అంచును పట్టుకొని పోయినచో పడమటి రోడ్డు మొగను, ఉత్తరపు రోడ్డు మొగను దాటవలెను. అతని కుడిప్రక్కనున్న కారు ఆ మొగలలో దేనిలోనికైన మరలినచో, అతనికి అడ్డముగా వచ్చును. పడమటి నుండి గాని, ఉత్తరము నుండి గాని లోనికి రాబోవు డ్రైవరు పెద్ద వాహనముల కొరకు చూచునే గాని సన్నని సైకిలును గమనింపకపోవచ్చును. కారు ముందు అద్దము ప్రక్కనుండు కమ్మియే సైకిలును పూర్తిగా మరుగుపరచగలదు.

బ్రిటిషు రోడ్డు నియమావళియైన హైవే కోడ్ సైకిలు నడుపువారికి ఎడమ వరుసలోనే ఉండి చుట్టివచ్చుటకు అనుమతించును. కూడలిని వీడుట లేదని తెలుపుటకు కుడిచేయి చూపవలెననియు, మొగలు దాటునపుడు మిక్కిలి జాగ్రత్త వహింపవలెననియు చెప్పును. దిగి, సైకిలును నడిపించుకొని పోవుటయు ఒక మార్గమే. 2022 జనవరి 29న అమలులోనికి వచ్చిన సవరణ డ్రైవర్ల బాధ్యతను స్పష్టము చేసినది. కూడలిలోనున్న సైకిళ్లకు వారు ప్రాధాన్యమీయవలెను. సైకిలున్న వరుసలోనే దానిని దాటిపోజూడరాదు. అది తమ దారికి అడ్డముగా జరుగవలసినచో జరుగనీయవలెను.

నెదర్లాండ్సులో వాహనములు కుడిప్రక్కన నడచును గనుక తిరుగుట అప్రదక్షిణము. అచ్చట అనేక కూడలులలో కార్ల వలయమునకు వెలుపల సైకిళ్లకు వేరొక వలయము కలదు. రెంటికిని నడుమ సుమారు ఒక కారు పట్టునంత చోటు విడుతురు. కూడలిని వీడు కారు అప్పటికే మలుపు తిరిగి, సైకిలు దారికి ఇంచుమించు లంబముగా వచ్చును. అందుచే డ్రైవరుకు సైకిలు కంటియెదుటనే కనబడును. వెనుకవారిని ఆపకుండ అతడు ఆ చోటున నిలువవచ్చును. పట్టణములలో సాధారణముగా సైకిలుదే ప్రాధాన్యము. ఊరి వెలుపల, కార్ల వేగము హెచ్చుగా నుండుచోట, సైకిలే ఆగవలెను. రోడ్డుపై తెల్లని త్రికోణముల వరుస ఎవరికి ఎదురుగా నున్నదో, వారు దారి ఈయవలెను. ఇట్టి కూడలి ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున ఫెండన్ రోడ్డుపై 2020లో తెరువబడినది.

ఉపాధ్యాయులు ఈ రెండు కూడలులను నల్లబల్లపై గీసి, కారు దారిని ఒక రంగుతోను, సైకిలు దారిని మరొక రంగుతోను చూపవచ్చును. రెండు రంగులును ఖండించుకొనుచోట్లు రెంటిలోను ఉండును. మొదటిదానిలో కారు సైకిలు ప్రక్కనుండి వచ్చి మరలును. రెండవదానిలో సైకిలు ఎదుటికి వచ్చును. డ్రైవరుకు సైకిలును చూచుటకును, ఆగుటకును వ్యవధి ఎచ్చట ఎక్కువ దొరకునో విద్యార్థులే చెప్పగలరు.