చక్రనాభి నూడదీయు సాధనము

రెంజల్ ప్రాంతమున చెరకు బండ్లు తోలిన పెద్దల నడిగినచో, బండి చక్రము నూడదీయుట యెంత సులభమో చెప్పుదురు. కడచీల లాగివేసి, బండి నొక ప్రక్క ఎత్తిపట్టి, చక్రమును రెండు చేతులతో ఇవతలకు లాగినచో అది ఇరుసుమీదుగా జారి వచ్చును. కందెన వేసి, మరల తొడిగి, చీల దిగగొట్టుదురు. ఇద్దరు మనుషులు, ఒక సుత్తి ఉన్న చాలును. అదే ఊరిలో ఒక పాత జీపు వెనుక చక్రపు హబ్బును తీయవలసి వచ్చినపుడు నలుగురు బలాఢ్యులు కలిసి లాగినను అది వెంట్రుకవాసి కదలదు. నట్టు విప్పినారు, చీల తీసినారు, పట్టి ఉంచునది పైకేమియు కనబడదు. అయినను రాదు. ఇది మొండితనము కాదు. అట్లు రాకుండుటకే దానిని చేసినారు.

బండి ఇరుసు తిరుగదు. ఎడ్లు కాడిని లాగగా బండి కదలును, బండితోపాటు చక్రము ఇరుసు చుట్టును తనంతట తాను తిరుగును. కనుక నాభికిని ఇరుసుకును మధ్య కొంత వదులుండవలెను. మోటారు వాహనము సంగతి వేరు. అక్కడ లాగునది ముందున్న ఎడ్లు కావు, లోపలి ఇంజను. ఇంజను తిప్పిన ఇరుసు తనతోపాటు చక్రమును గూడ త్రిప్పవలెను. ఇరుసునకును హబ్బునకును నడుమ వెంట్రుకంత వదులున్నను, బండి బయలుదేరినప్పుడెల్ల, బ్రేకు వేసినప్పుడెల్ల, ఆ రెండును ఒకదానినొకటి కొట్టుకొని అరిగిపోవును. బండి చక్రమున వదులు గుణము, మోటారు చక్రమున బిగువు గుణము.

ఈ బిగువును సాధించుటకు కనిపెట్టిన ఉపాయము చాల ప్రాతది, చాల సులభమైనది. ఇరుసు కొనను సమముగా గాక, చివరకు పోను పోను సన్నగిల్లునట్లు చెక్కుదురు. హబ్బు రంధ్రమును గూడ అదే వాలున తొలుతురు. రెంటినడుమ కీ అనబడు చిన్న ఉక్కు ముక్క నుంచి, ఇరుసు చివర నట్టు బిగించినచో, హబ్బు ఆ వాలుమీద ముందుకు నెట్టబడి మేకువలె బిగిసికొనును. అత్తరు బుడ్డికి గాజు బిరడా బిగిసికొన్నట్లును, ఒకదానిలో నొకటి పెట్టిన ఇత్తడి గ్లాసులు పట్టుకొన్నట్లును ఇది జరుగును. మన ఇండ్లలో ఆ గ్లాసులను విడదీయలేక గృహిణులు పడు అవస్థయే ఇక్కడ మిస్త్రీలు పడుచున్నారు.

నట్టు తీసివేసిన తరువాత గూడ ఆ పట్టు ఎందుకు విడిపోదు? లెక్క చూచిన తెలియును. ఇట్టి ఇరుసులకు వాడుకలో నున్న కొలత అడుగు పొడవునకు ఒకటిన్నర అంగుళముల సన్నము, అనగా ఎనిమిదింట ఒక వంతు. ఇరుసు మధ్యరేఖ నుండి చూచినచో ఒక్కొక్క ప్రక్క వాలు మూడున్నర డిగ్రీలకు కొంచెము ఎక్కువ. ఉక్కు ఉక్కుమీద జారవలెనన్న వాలు అంతకు రెట్టింపైనను ఉండవలెను. వాలు తక్కువ గనుక రాపిడియే గెలుచును, హబ్బు వెనుకకు జారదు. మర కార్ఖానాలలో రంధ్రములు చేయు బరమాలను యంత్రమునకు తగిలించునది గూడ ఇట్టి వాలుతోనే. ఆ కొలతలకు పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా దేశస్థుడైన స్టీఫెన్ మోర్సు పేరు నిలిచినది.

జీపులు ఈ ప్రాంతమునకు వచ్చిన కథను గూడ ఒకటి రెండు మాటలలో చెప్పవలెను. 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగర్ నీటితో మంజీరా ప్రక్కనున్న నేలలు చెరకునకు అనువైనవి. 1937లో బోధన్ ప్రక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారము నెలకొనెను. అంతకు ముందే, 1932 జూన్‌లో, నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించి యుండిరి. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత, అమెరికాలోని విల్లీస్ కంపెనీ నమూనాపై మహీంద్రావారు బొంబాయిలో జీపులను కూర్చి అమ్మసాగిరి. బురద దారులలో నడువగల వాహనము గనుక పల్లెటూళ్లకు అది తగినదాయెను. నరికిన చెరకు నిలువయున్న కొలదిని అందలి చక్కెర తరిగిపోవును. ఇరువది నాలుగు గంటలలో గానుగకు చేరుట మేలని వ్యవసాయజ్ఞులు చెప్పుదురు. కావున గానుగ నడుచు రోజులలో ఒక వాహనము దారిలో ఆగుట రైతునకు కేవలము చికాకు కాదు, నష్టము. శక్కర్‌నగర్ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. చెరకు దారులు మారినవి గాని, పాత జీపులు మాత్రము ఇంకను అక్కడక్కడ కనబడుచునే యున్నవి. ఇరుసు బేరింగు చెడినను, చమురు సీలు కారినను, వాని హబ్బు తీయక తప్పదు.

ఇక సాధనము మాట. మిస్త్రీలు దీనిని హబ్బు పుల్లరు అందురు, పొడిగా పుల్లరు అనియు అందురు. ఇది చూచుటకు ఎట్టి ఆడంబరము లేనిది. నడుమ మందమైన ఉక్కు దిమ్మె. దానినుండి వెలువడు మూడు చేతులు, లేదా చక్రపు బోల్టులకు సరిపడు రంధ్రములు గల ఒక పలక. దిమ్మె మధ్యగా పోవు పెద్ద మరచీల. చేతులను హబ్బుకున్న చక్రపు బోల్టులకు నట్టులతో బిగింతురు. మరచీల మొన ఇరుసు చివరి నడిమి గుంటలో ఆనును. చీలను పానాతో త్రిప్పినచో అది ఇరుసును లోనికి నెట్టును, చేతులు హబ్బును వెలుపలికి లాగును. ఇరుసు ఎక్కడికిని పోజాలదు గనుక హబ్బు రావలసినదే. నెట్టుటయు లాగుటయు ఆ చిన్న పనిముట్టులోనే ముగియుచున్నవి. అందువలన జీపు మీద గాని, దానిని మోయు జాకీ మీద గాని బలము పడదు. సుత్తికిని దీనికిని గల తేడా అంతయు ఇక్కడనే యున్నది.

మర యెట్లు మన బలమును పెంచును? ఘాటు రోడ్డును తలచుకొనుడు. నిట్టనిలువుగా ఎక్కలేని కొండను చుట్టుదారిని నెమ్మదిగా ఎక్కుదుము. మరచీల అనగా కడ్డీకి చుట్టిన ఘాటు రోడ్డే. ఒక అడుగు పొడవున్న పానా చివర చేయి ఒక చుట్టు తిరిగినపుడు సుమారు ఆరడుగులు నడుచును. ఆ చుట్టులో మర ముందుకు పోవునది రెండు మిల్లీమీటర్లు. లెక్కప్రకారము బలము తొమ్మిదివందల రెట్లు పెరుగవలెను. కాని రాపిడి అందులో పదింట తొమ్మిది వంతులు మ్రింగివేయును. అయినప్పటికి ఇరువది కిలోల చేతి బలమునకు హబ్బు మీద ఒకటిన్నర, రెండు టన్నుల లాగుడు లభించును. మరకు కొంచెము గ్రీసు పూయుట మరువరాదని చెప్పుట ఇందుకే. రాపిడి తగ్గినంత మేర మన పాలు పెరుగును.

నేను ఈ విషయమును గూర్చి వ్రాయుటకు ఒక కారణము కలదు. కొన్ని యేండ్ల క్రిందట కార్తికమాసమున, గోదావరి, మంజీరా, హరిద్రా నదులు కలియు కందకుర్తికి స్నానమునకు పోవుచుండగా మా జీపు వెనుక చక్రమునుండి చమురు కారసాగెను. దారి ప్రక్కన నొక దుకాణమున ఆపితిమి. యజమాని ఊరిలో లేడు. పదునారేండ్ల కుర్రవాడొకడు పనికి దిగెను. పుల్లరు ఉన్నది, దానిని వాడుటయు తెలిసినవాడే. కాని ఇరుసు చివరి నట్టును పూర్తిగా తీసి ప్రక్కన పెట్టి, సాధనమునకు ఎదురుగా గొంతుకు కూర్చుండి మరచీల త్రిప్పసాగెను. చాలసేపటివరకు ఏమియు జరుగలేదు. పిమ్మట తుపాకి పేలినట్లు చప్పుడయ్యెను. హబ్బు, డ్రమ్ము, పుల్లరు ఒక్కటిగా ఎగిరివచ్చి వాని మోకాలి క్రింద తగిలినవి. పది కిలోలకు తక్కువ గాని ఇనుము అది. ఎముక విరిగినది. ఆ సాయంకాలము మేము వానిని బోధన్‌కు తీసికొనిపోతిమే గాని సంగమమునకు పోలేదు. ఆ తరువాత వానిని రెండు మూడు సారులు చూచితిని. నడకలో కొంచెము ఈడ్పు మిగిలినది.

దీనిని వారించుటకు ఖర్చేమియు లేదు. నట్టును పూర్తిగా తీయక, మూడు నాలుగు మరలు విప్పి, దానినట్లే ఇరుసుపై నుంచవలెను. హబ్బు విడివడినపుడు ఆ కొద్దిపాటి దూరము జరిగి నట్టుకు తగిలి ఆగును. ఇరుసు మరలు గూడ దెబ్బతినక నిలుచును. ఇంత చిన్న సంగతిని ఆ కుర్రవానికి ఎవ్వరును చెప్పియుండలేదు. పని నేర్చుకొను పిల్లలకు చూచి నేర్చుకొమ్మనుటయే మన వాడుక. ఏది చేయవలెనో చూచి తెలియును గాని, ఏది చేయరాదో చూచిన తెలియదు. అది నోట చెప్పవలెను.

పని వరుస ఇది. చక్రము నేలమీద నున్నపుడే, బ్రేకు వేసి యుంచి, ఇరుసు నట్టుకున్న చీల తీసి నట్టును కొంచెము వదులు చేయవలెను. బండిని పైకెత్తిన తరువాత ఆ బిగువు నట్టుతో కుస్తీపట్టుట ప్రమాదము. మిగిలిన చక్రములకు ముందు వెనుకల రాళ్లు గాని దిమ్మెలు గాని పెట్టి, జాకీతో ఎత్తి, ఇరుసు క్రింద గట్టి ఆధార ముంచవలెను. జాకీ ఎత్తుటకే గాని మోసి యుండుటకు కాదు. చక్రము తీయునప్పుడు పాత జీపులలో నొక విచిత్రము గమనింపవలెను. ఎడమ ప్రక్క చక్రపు బోల్టులకు మరలు విపరీతముగా నుండును; విప్పవలెనన్న గడియారపు ముల్లు తిరుగు దిక్కున త్రిప్పవలెను. ఇది తెలియక బలము పెట్టి బోల్టులు విరుగగొట్టినవారు చాలమంది. తరువాత చేతి బ్రేకు విడిచి, బ్రేకు నాడాలను లోనికి వదులు చేయవలెను. లేనిచో డ్రమ్ము లోపలి అరుగుదల గట్టు వానికి తగులుకొనును. అప్పుడు పుల్లరు తగిలించి, చేతులు మూడును సమముగా బిగించి, మరచీల త్రిప్పవలెను.

చీల బాగుగ బిగిసినను హబ్బు కదలకున్నచో ఇంకను పొడవైన గొట్టము తొడిగి పానా త్రిప్పుట తగదు. మరచీల తలమీద సుత్తితో ఒకటి రెండు చురుకైన దెబ్బలు వేసి, మరికొంచెము బిగించి, మరల వేయవలెను. లాగుడులో నున్న వాలును విడిపించుటకు అదురు చాలును. అదియు చాలనిచో తుప్పు వదలు నూనె పోసి, లాగుడు మీదనే వదలివేసి, భోజనము చేసి రావలెను. తిరిగివచ్చునప్పటికి తనంతట విడివడి యుండుట కద్దు. పనిచేయునపుడు మాత్రము ఎవ్వరును సాధనమునకు ఎదురుగా నిలువరాదు, ప్రక్కగా నిలువవలెను.

కొందరు మంట పెట్టి వేడిచేయుదురు. హబ్బు వ్యాకోచించి పట్టు సడలుట నిజమే. కాని అక్కడ గ్రీసు, రబ్బరు సీలు, బ్రేకు నూనె ఉన్నవన్న సంగతి మరువరాదు. డ్రమ్ము అంచును సమ్మెటతో బాదుట అన్నిటికంటె చెడ్డ పద్ధతి. డ్రమ్ము పోత ఇనుము. అది వంగదు, పగులును. ఇరుసు కొనను బాదినచో మరలు చితుకును, ఆ దెబ్బ ఇరుసు గుండా లోపలి బేరింగులకు పోవును. రెండువందల రూపాయల తొందర వేల రూపాయల పనియై కూర్చుండును.

అన్ని బండ్లకు ఇదే సాధనము పనికిరాదు. 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 మొదలు మన దేశమున విరివిగా వచ్చిన చిన్న కార్లలో ముందు చక్రములే తిరుగు చక్రములు. అందు హబ్బు వాలుమీద గాక, పండ్లు గల ఇరుసుపై కూర్చుండి బేరింగులోనికి నొక్కబడి యుండును. దానిని తీయుటకు జారు సుత్తి అను వేరొక సాధనము కలదు. ఒక కడ్డీ మీద బరువైన దిమ్మె జారుచుండును. కడ్డీని హబ్బుకు బిగించి, దిమ్మెను విసురుగా వెనుకకు లాగినచో చివరనున్న అడ్డుకు కొట్టుకొని హబ్బును ఈవలకు గుంజును. ట్రాక్టరు వెనుక కట్టు ట్రాలీ చక్రములు మాత్రము మన ఎడ్లబండికే చుట్టములు. వాని ఇరుసు తిరుగదు, కావున నట్టు తీసినచో తుప్పు పట్టియుండని పక్షమున హబ్బు చేతితోనే వచ్చును.

మరల బిగించునపుడు చాలమంది మిస్త్రీలు మంచి యుద్దేశముతోనే ఒక తప్పు చేయుదురు. ఈసారి సులభముగా రావలెనని వాలుకు గ్రీసు పూయుదురు. అట్లు చేసినచో పట్టు పోవును. ఇరుసు వాలును, హబ్బు రంధ్రమును గుడ్డతో తుడిచి పూర్తిగా పొడిగా నుంచవలెను. బరువంతయు ఆ పొడి రాపిడి మోయవలసినదే గాని కీ మోయరాదు. హబ్బు కొంచెము వదులైనను భారము కీ మీద పడి అది తెగును. అప్పుడు ఇంజను తిరుగుచునే యుండును, చక్రము తిరుగదు. నట్టు గూడ వదులై ఊడినచో చక్రము బండిని విడిచి పోవును.

జీపు నట్టుకు బిగువు 150 పౌండు-అడుగులకు తగ్గరాదు. అనగా ఒక మీటరు గొట్టము చివర ఇరువది కిలోలకు పైబడిన బరువు. ఆ బిగువున చీల రంధ్రము నట్టు గాడితో కలియకపోయినచో, కలియువరకు ఇంకను బిగించవలెను గాని వెనుకకు విప్పరాదు. క్రొత్త చీల వేసి కొనలు వంచవలెను. నలుబది, ఏబది కిలోమీటర్లు నడిచిన పిమ్మట మరల చక్రము వద్ద కూర్చుండి, చీల తీసి, నట్టును మరొకసారి పరీక్షింపవలెను. సాధారణముగా అది పావు చుట్టుకు తక్కువగ ఇంకను తిరుగును.