పలుగు రాయిలో పసిడి ఉంటుందా?

దసరా సెలవుల తర్వాత మన హాస్టల్‌కు తిరిగి వచ్చిన ఎనిమిదో తరగతి తమ్ముడొకడు ట్రంకు పెట్టెలో నుంచి టవల్లో చుట్టిన ఒక రాయి తీసి మా ముందు పెట్టాడు. తెల్లని పలుగు రాయి. మధ్యలో తుప్పు రంగు చారలు, అక్కడక్కడ పసుపు పచ్చగా మెరిసే చుక్కలు. "అన్నా, ఇది బంగారమేనా?" అని అడిగాడు. వాళ్ళ నాయనకు ప్రభుత్వం పట్టా ఇచ్చిన రెండెకరాల చేనులో దొరికిందట. ఆ ఊరికి వచ్చిన ఒక మధ్యవర్తి, చేను కింద బంగారం ఉందని, అయిదు వేలు అడ్వాన్సు ఇస్తానని, స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయమని అడిగాడట. రాయాల్సింది తర్వాత రాసుకుంటాడట!

మేము పదో తరగతి వాళ్ళము. మాకేం తెలుసు? సైన్సు సారును అడిగాము. డిగ్రీలో జియాలజీ చదివిన మన హాస్టల్ పూర్వ విద్యార్థి అన్నను అడిగాము. ఆ తర్వాత సారుతో కలిసి ఒక ఆదివారం రామగిరి వెళ్ళి వచ్చాము. తెలుసుకున్నది సోదర విద్యార్థుల కోసం ఇక్కడ రాస్తున్నాము.

ముందు ఆ రాయి సంగతి. అన్న మెరిసే చుక్కను సూదితో గుచ్చమన్నాడు. బంగారం మెత్తనిది, సూది దిగుతుంది, సుత్తితో కొడితే రేకులా సాగుతుంది. మా చుక్క పొడి పొడి అయింది. తర్వాత పగిలిన పింగాణీ ముక్క నునుపు లేని వైపున గీసి చూడమన్నాడు. కంసాలి గీటురాయి లాంటి పరీక్షే. బంగారమైతే పసుపు గీత పడాలి, మాకు నల్లని గీత పడింది. అది పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. చిన్నప్పుడు మనం కాకిబంగారం అని ఏరుకునే అభ్రకం వేరు, ఇది వేరు. తమ్ముడి మొహం చిన్నబోయింది.

కానీ అన్న ఇంకో మాట చెప్పాడు. పైరైట్ ఉందంటే బంగారం లేదని అర్థం కాదు, ఉందని కూడా కాదు. చాలా గనుల్లో బంగారం పైరైట్, ఆర్సెనోపైరైట్ ఖనిజాలను అంటిపెట్టుకుని, కంటికి కనిపించనంత సన్నగా ఉంటుందట. అది ఎలాగో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

కోలార్, రామగిరి, జొన్నగిరి, హట్టి ఇవన్నీ సిస్ట్ అనే పాత రాళ్ళ పట్టీలలో ఉన్నాయి. ఒకప్పటి లావా రాళ్ళు వేడికి, ఒత్తిడికి మారిపోయి అలా అయ్యాయి. చుట్టూ గ్రానైట్, మధ్యలో ఈ పట్టీలు. కోలార్ పట్టీ పొడవు 80 కిలోమీటర్లు, వెడల్పు మాత్రం కొద్ది కిలోమీటర్లే. సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోతుల్లో 300 డిగ్రీల వేడి ఉన్న నీరు ఈ రాళ్ళ పగుళ్ళలో పైకి ఎక్కింది. అంత ఒత్తిడిలో అది మరిగి ఆవిరి కాదు. ఆ నీటిలో సిలికా కరిగి ఉంది, గంధకంతో జతకట్టిన బంగారం కూడా కొద్దిగా ఉంది. భూమి కదిలి పగులు తెరుచుకున్నప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. మన వంటగదిలో కుక్కర్ విజిల్ లేచినట్టే. అప్పుడు సిలికా పలుగు రాయిగా పేరుకుంటుంది. పక్క రాతిలోని ఇనుము గంధకాన్ని లాక్కుని పైరైట్ అవుతుంది. తోడు పోయిన బంగారం అక్కడే దిగిపోతుంది. పగులు మూసుకుని మళ్ళీ తెరుచుకుంటే ఇంకో పొర. పలుగు చారలో గీతలు గీతలుగా కనిపించేది అందుకే.

అయితే మన పొలం గట్ల మీద కుప్పలు పోసిన పలుగు రాళ్ళలో చాలా మటుకు వట్టి పలుగే. వేడి నీరు వచ్చినంత మాత్రాన బంగారం రాదు.

ఉన్నచోట ఎంత ఉంటుంది? టన్ను రాయికి 5 గ్రాములు ఉంటే మంచి గని అంటారు. మన స్టోర్ రూములోని 50 కిలోల బియ్యం బస్తాలు 20 కలిపితే ఒక టన్ను. అంటే బస్తాకు పావు గ్రాము! అది కూడా సమానంగా ఉండదు. ఒక ముక్కలో కాస్త ఎక్కువ, పక్క ముక్కలో సున్న. కాబట్టి మెరిసే రాయి ఒక్కటి తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే వచ్చే అంకె చేను గురించి ఏమీ చెప్పదు. మధ్యవర్తులు చూపించేది అలాంటి రాయినే.

భూగర్భ శాస్త్రజ్ఞులు ముందు నేల మీద తిరిగి ఏ రాయి ఎక్కడుందో పటం గీస్తారు. వంకల్లోని ఇసుకను పళ్ళెంలో కడుగుతారు. బంగారం నీటికి 19 రెట్లు బరువు, పలుగు రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ, కనుక పసిడి అడుగున నిలుస్తుంది. జాడ దొరికితే చారకు అడ్డంగా కందకాలు తవ్వి, చార ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సమానంగా గాడి చెక్కి నమూనా తీస్తారు. బాగున్న ముక్కను ఏరుకోకూడదు. ఈ ఒక్క నియమం తప్పితే మిగిలినదంతా వృథా అని అన్న పదే పదే చెప్పాడు. తర్వాత వజ్రపు పళ్ళున్న డ్రిల్లుతో గుండ్రటి రాతి కడ్డీలు బయటికి తీస్తారు. రాయిని పిండి చేసి, సీసపు భస్మంతో కొలిమిలో కరిగిస్తే బంగారమంతా సీసంలోకి చేరుతుంది. ఆ సీసాన్ని బూడిద మూసలో కాలిస్తే సీసం మూసలోకి ఇంకిపోయి చిన్న పూస మిగులుతుంది. వెండిని వేరుచేసి ఆ పూసను తూకం వేస్తారు.

మేము ఒక లెక్క వేశాము. చార మందం 1 మీటరు, పొడవు 100, లోతు 50 అనుకుంటే 5,000 ఘనపు మీటర్లు, అంటే 13,250 టన్నులు. టన్నుకు 5 గ్రాముల చొప్పున 66 కిలోలు. వినడానికి బాగుంది గానీ, దాని కోసం అన్ని వేల టన్నులు పగలగొట్టి, పిండి చేసి, సైనైడుతో కరిగించాలి. పార పలుగులతో అయ్యే పని కాదు.

రామగిరిలో కొండ మీద గాలిమరలు తిరుగుతుంటాయి. కింద పాత గనుల గుంతలు. ఆంగ్లేయుల కాలంలో అక్కడ తవ్వారు, తర్వాత భారత్ గోల్డ్ మైన్స్ యెప్పమాన గనిని నడిపింది. 2001లో కోలార్‌తో పాటు ఇదీ మూతబడింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మనవాళ్ళు తవ్విన గుంతలు ఈ పట్టీలన్నిటిలో ఉన్నాయి. రాతి ముందు మంట పెట్టి, కాలిన రాయి మీద నీళ్ళు చల్లి పగలగొట్టేవారు. హట్టిలో ఆ పాత గుంతలు 600 అడుగులు దాటి దిగాయి. ఆ పని చేసిన వాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు. 1802లో లెఫ్టినెంట్ వారెన్ కోలార్ ప్రాంతంలో బంగారం గురించి వాకబు చేసినప్పుడు, మట్టి కడిగి రేణువులు తీసి చూపించింది గ్రామస్థులే. పుస్తకాల్లో ఆయన పేరే ఉంది.

కోలార్‌లో 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి పనిచేసిన వారిలో ఎక్కువ మంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల నుంచి వెళ్ళిన మన వంటి దళిత కుటుంబాల వాళ్ళు. పలుగు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. 1940లలో అక్కడ పరీక్షించిన కార్మికుల్లో 40 శాతానికి పైగా ఆ జబ్బు కనిపించింది. తడి డ్రిల్లింగు, గాలి ఏర్పాట్లు ఎందుకు కావాలో ఈ అంకె చూస్తే తెలుస్తుంది.

ఇక చేను సంగతి. 1957 గనుల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఎవరూ బంగారం వెతకడానికి, తవ్వడానికి లేదు. 2015 నుంచి ఆ అనుమతులు వేలం ద్వారానే ఇస్తున్నారు. స్టాంపు కాగితంతో ఊరి మీదకు వచ్చినవాడి దగ్గర అలాంటిదేదీ లేదు. వాడికి కావలసింది బంగారం కాదు, చేనే అని సారు అన్నారు. ఆ రాత్రే తమ్ముడి చేత ఇంటికి ఫోన్ చేయించాము. వాళ్ళ నాయన వేలిముద్ర వేయలేదు.

జియాలజీలో ఎమ్మెస్సీ చేసినవాళ్ళు యు.పి.ఎస్.సి. పరీక్ష రాసి జియలాజికల్ సర్వేలో చేరవచ్చని, దాని దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాదులోనే ఉందని అన్న చెప్పినప్పుడు ఎక్కువ ప్రశ్నలు అడిగింది ఆ తమ్ముడే. రాయి ఇప్పుడు సైన్సు గదిలో బీరువా పై అరలో ఉంది. పింగాణీ ముక్క కూడా పక్కనే పెట్టాము. ఎవరైనా గీసి చూడవచ్చు.