మోకాళ్లు నొస్తున్నాయని నడక మానవద్దు

2016లో పాత వరంగల్ జిల్లా నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరు జిల్లాలయ్యాయి గాని, తనిఖీ నిమిత్తం నేను తిరిగే పాల సంఘాలలో ఒక మాట మాత్రం మూడు చోట్లా ఒకటే. పాలు పోసే వేళ "మీ నాయనమ్మ రాలేదేమి?" అని అడిగితే, "మోకాళ్లు నొస్తున్నయంట సార్, ఇంట్లనే కూసుంటున్నది" అంటాడు మనుమడు. కొన్నాళ్లకు ఆ ఇంటి పాలూ తగ్గుతాయి. చూసుకునే మనిషి మంచానికి అంటుకుపోతే ఆ ఇంట్లో బర్రె ఎన్నాళ్లు నిలుస్తుంది?

జనగామ వైపు ఒక సంఘంలో అరవై దాటిన సభ్యురాలిని ఈ విషయమై పలకరించాను. "నడిస్తే చిప్పలు ఇంకింత అరుగుతయ్ గద సారూ" అన్నది. చాలామంది నమ్మకం ఇదే. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాని అది పొరపాటు.

మోకాలి కీలులో ఎముకల కొనలపై నున్నని మృదులాస్థి పొర ఉంటుంది. దానికి రక్తనాళాలు లేవు. కీలులోని జిగట ద్రవమే దానికి ఆహారం. అడుగు వేసినప్పుడు ఆ పొర నొక్కుకొని, కాలు ఎత్తినప్పుడు స్పాంజిలాగా ద్రవాన్ని పీల్చుకుంటుంది. కదలిక లేకపోతే ఆ పోషణ తగ్గుతుంది. తొడ కండరాలు సన్నబడి, బరువంతా కీలు మీదనే పడుతుంది. నెలల తరబడి కొట్టంలోనే కట్టేసిన బర్రెను విప్పితే ఎలా నడుస్తుందో పాడి రైతులకు నేను చెప్పనక్కరలేదు.

అమెరికాలో మోకాలి కీళ్లు అరిగిన 60 ఏళ్లు పైబడిన 439 మందిని ఏడాదిన్నర పరిశీలించి 1997లో ఫలితాలు ప్రకటించారు. నడక సాగించినవారికి, కండరాల వ్యాయామం చేసినవారికి, ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారికంటే నొప్పి కొంత తగ్గింది, పనులు చేసుకునే శక్తి కొంత పెరిగింది. "కొంత" అనే మాట గమనించండి. పూర్తిగా పోగొడతామని ఎవరైనా నూనె సీసా అమ్మవస్తే నమ్మవద్దు.

మరి ఎంత నడవాలి? ముందుగా ఇంటి నుంచి పాల కేంద్రం దాకా చాలు. క్యాను మనుమడినే తేనివ్వండి, మీరు ఖాళీ చేతులతో రండి. తర్వాత కొద్దికొద్దిగా పెంచాలి. నడిచేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే ఫరవాలేదు. ఆగిన రెండు గంటల తర్వాత కూడా పెరిగిన నొప్పి దిగకపోతే మరునాడు దూరం తగ్గించాలి, మానకూడదు. చేతికర్రను నొప్పి లేని వైపు చేతితో పట్టాలి. రెండు పూటలా, పాలు పిండిన తర్వాత, అరుగుపై కూర్చొని ఒక కాలు నిటారుగా చాపి, అయిదు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు.

గొంతు కూర్చొని పాలు పిండటం మాత్రం అరిగిన మోకాళ్లకు చెరుపే. గట్టిగా ఆనే, కాస్త ఎత్తయిన పీట వాడాలి. సంఘానికి లాక్టోమీటరు కొనడానికి వెనుకాడని మనం, ఇంట్లో ఆడవారికి ఒక పీట చేయించడానికి వెనుకాడుతున్నాం! ఒంటి బరువు ఎక్కువున్నవారు ఒక కిలో తగ్గినా అడుగడుగునా మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

దుకాణంలో కొన్న నొప్పి బిళ్లలు రోజూ మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు చెడవచ్చు. పొద్దున లేవగానే గంటకు పైగా కీళ్లు పట్టేసినా, రెండు చేతుల వేళ్లూ వాచినా అది అరుగుదల కాక వేరే వాతం కావచ్చు, డాక్టరుకు చూపించాలి. కీలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఆ రోజే వెళ్లాలి. మహబూబాబాద్‌లో 2022 నుంచి, జనగామ, భూపాలపల్లిలలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి కనుక ప్రతిదానికీ వరంగల్ పోనక్కరలేదు.

మొన్న తనిఖీకి వెళ్లినప్పుడు ఆ జనగామ వైపు సభ్యురాలు కేంద్రం దాకా నడిచి వచ్చింది. కర్ర మాత్రం ఇంకా నొప్పి ఉన్న వైపే పట్టుకున్నది.